పెదనాన్నగారి సమస్యాపూరణ బ్లాగును, అందులోని వ్యాఖ్యలను ఎలా కాపాడాలి?

తెనాలి ఆడపడుచు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు గుంటూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, పదవీ విరమణ చేసిన తరువాత 2009లో గూగుల్ వారి బ్లాగర్‌లో ఒక బ్లాగు మొదలుపెట్టారు. ప్రతి ఉదయం ఐదు గంటలకల్లా ఒక సమస్యను, అంటే పద్యంలోని ఒక పాదాన్ని, టపాగా పెట్టేవారు. సాయంత్రానికి దాని కింద మిగతా పాదాలు కట్టిన పది పదిహేను పూరణలు వచ్చి చేరేవి. పెదనాన్నగారు ఒక్కొక్క పద్యాన్నీ చదివి, గణదోషం (పొడవుగా, పొట్టిగా పలికే అక్షరాల వరుసలో తప్పు) ఎక్కడుందో, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక చోట కుదరవలసిన అక్షరమైత్రి) ఎక్కడ తప్పిందో, ఏ పదం మారిస్తే సరిపోతుందో ఓపికగా రాసేవారు. అవధానంలో అవధాని ఒక్కరే ఉంటారు, ప్రశ్నలు అడిగే పృచ్ఛకులు పలువురు ఉంటారు. ఇక్కడ మాత్రం పృచ్ఛకుడు ఒక్కరే, పద్యం చెప్పేవారు పదిమంది. చెప్పేవారిలో బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు, ఇంజనీర్లు, విదేశాల్లో ఉన్నవారు ఉండేవారు. వారిలో చాలామందికి ఛందస్సు చిన్నప్పుడు బడిలో విని మరచిపోయిన విషయమే.

పెదనాన్నగారు నిరుడు కాలం చేశారు. ఖాతా వివరాలు నా దగ్గర ఉన్నాయి. పూరణలను పుస్తకంగా వేద్దామని ఇంట్లో వారు అంటున్నారు, కానీ పద్యాలను మాత్రం ఏరి తీసుకుంటే అసలు విలువైనది జారిపోతుందని నాకు అనిపిస్తోంది. ఒకే పద్యం మొదట తప్పులతో వచ్చి, పెదనాన్నగారి సూచనతో మారి, మరొకరి సలహాతో ఇంకొంచెం మెరుగై, మూడవసారి నిలబడిన తీరు ఆ వ్యాఖ్యలలోనే ఉంది. వాటిని చదివిన తరువాతే నాకు కందపద్యంలో బేసి గణంగా జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదన్న నియమం మొదటిసారి నిజంగా అర్థమైంది.

అందుకని పెద్దలను అడుగుతున్నాను. వ్యాఖ్యలతో సహా మొత్తం బ్లాగును భద్రపరచే పద్ధతి ఏమిటి? మారుపేర్లతో రాసినవారి పద్యాలను, వారిని అడగకుండా మరొక చోట ప్రచురించడం న్యాయమేనా? ఆ సభ్యులలో చాలామంది ఇప్పుడు ఒక వాట్సాప్ గుంపులో పద్యాలు రాస్తున్నారు. అక్కడ జరుగుతున్న చర్చను నిలబెట్టే మార్గం ఏదైనా ఉన్నదా?

వికీ కార్యకర్త

అమ్మా, ముందుగా తొందరగా చేయవలసిన పని చెబుతాను. రెండేళ్లపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే అవకాశం ఉందని గూగుల్ 2023లో ప్రకటించింది. బ్లాగు మీ పెదనాన్నగారి ఒక్కరి ఖాతాకే ముడిపడి ఉంటే, మీ సొంత ఖాతాను కూడా ఆ బ్లాగుకు రచయితగా చేర్చి, నిర్వాహక హక్కులు ఇచ్చుకోండి. ఈ ఒక్క పని ఈ రోజే చేయండి, మిగిలినవి నిదానంగా చేసుకోవచ్చు.

ఆ తరువాత బ్లాగర్ అమరికలలో బ్లాగు మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకునే సదుపాయం ఉంది. ఆ ఫైలులో టపాలతో పాటు వ్యాఖ్యలు కూడా వస్తాయి, బొమ్మలు వచ్చాయో లేదో చూసుకుని, రాకపోతే వాటిని విడిగా దాచుకోవాలి. ఆ ఫైలును ఒక కంప్యూటరులో మాత్రమే ఉంచకండి. కనీసం ముగ్గురి దగ్గర, వేర్వేరు ఊళ్లలో ఉంచండి. మూడవ మెట్టుగా, వెబ్ పుటల పాత రూపాలను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఒక్కొక్క టపా చిరునామాను ఇచ్చి భద్రపరచండి. భద్రపరచిన ప్రతిని తెరిచి, అందులో వ్యాఖ్యలు నిజంగా కనిపిస్తున్నాయో లేదో తప్పకుండా చూడండి. పుట భద్రమైనా వ్యాఖ్యలు తెరుచుకోని సందర్భాలు నేను చూశాను. రెండు వందలు దాటిన వ్యాఖ్యలు మరొక పుటలోకి వెళ్తాయి కనుక అలాంటి టపాలను ప్రత్యేకంగా గమనించాలి.

మరొక మాట. ఆ రోజులలో కొందరు తెలుగు లిపిలో టైపు చేయడం తెలియక, పద్యాన్ని కూడా ఆంగ్ల అక్షరాలతో రాసి ఉంటారు. దయచేసి మూలాన్ని చెరపకుండా, పక్కన తెలుగు లిపిలో మరొక ప్రతి తయారు చేయండి. ఎవరు ఏ లిపిలో, ఏ తప్పుతో, ఏ రోజు రాశారన్నది కూడా ఆ సముదాయపు చరిత్రలో భాగమే.

హక్కుల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. వ్యాఖ్యగా రాసిన పద్యానికి కూడా హక్కుదారు ఆ రాసినవారే అవుతారు, బ్లాగు యజమాని కారు. మన దేశంలో రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది. పేరు లేకుండాగానీ మారుపేరుతోగానీ వెలువడిన రచనకైతే, ప్రచురణ జరిగిన మరుసటి ఏడాది మొదలుకొని అరవై ఏళ్లు లెక్క. కనుక అనుమతి లేకుండా పుస్తకం వేయడం కుదరదు. అందరూ ఉచితంగా చదువుకునే తెలుగు వికీసోర్సు గ్రంథాలయంలో పెట్టాలన్నా, ఎవరైనా తిరిగి వాడుకోవచ్చనే స్వేచ్ఛా లైసెన్సుకు రచయితలు ఒప్పుకున్న పద్యాలను మాత్రమే పెట్టగలం. మీ పెదనాన్నగారి సొంత పద్యాలకు, సమస్యలకు, వివరణలకు వారి వారసులు ఒప్పుకుంటే సరిపోతుంది. ఆ భాగంతో మొదలుపెట్టవచ్చు.

ఎడిసన్ పాఠకుడు

తెనాలి ఆడపడుచు గారికి నమస్కారాలు. మీ ప్రశ్న చదివినప్పటి నుంచి మనసు పాత రోజుల చుట్టూనే తిరుగుతోంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లం యూజ్‌నెట్ అనే పాత చర్చావ్యవస్థలోని తెలుగు వార్తాసమూహంలో కలుసుకునేవాళ్లం. తెర మీద తెలుగు అక్షరం కనిపించే వీలు అప్పుడు లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తయారు చేసిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, ఆంగ్ల అక్షరాలతోనే తెలుగును తేడా లేకుండా రాసేవాళ్లం. చిన్న టీ రాస్తే త, పెద్ద టీ రాస్తే ట. అలా రాసిన పద్యంలో కూడా గురులఘువులు లెక్కపెట్టి తప్పులు పట్టేవారు ఉండేవారంటే ఈనాటి వారికి నమ్మశక్యంగా ఉండకపోవచ్చు. 2006లో వీవెన్ గారు, ఆంగ్ల అక్షరాలతో కొడితే తెలుగు లిపిలో చూపే లేఖినిని అందుబాటులోకి తెచ్చినప్పుడు మాకు అది అంత సులువుగా చేతికి రావడానికి కారణం, దాని అక్షరక్రమం చాలావరకు ఆర్.టి.ఎస్. దారిలోనే ఉండడం. అదే ఏడాది వారే, తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే కూడలి అనే సంకలినిని కూడా ప్రారంభించారు. ఎక్కడెక్కడో విడివిడిగా రాసుకుంటున్నవారు ఒకరినొకరు చూసుకున్నది ఆ సంకలినుల వల్లనే. పెదనాన్నగారు ఉదయం ఐదింటికి పెట్టిన సమస్య మధ్యాహ్నానికల్లా ఎక్కడో ఉన్న పద్యప్రియుడికి చేరిందంటే, నడుమ ఏదో ఒక సంకలిని ఉండే ఉంటుంది. ఆ దారులు మూతపడిన తరువాతనే చాలా బ్లాగులకు పాఠకులు తగ్గారని నా అభిప్రాయం. రాసేవారికి ఓపిక తగ్గిందని అనేవారితో నేను ఏకీభవించను.

ఇక భద్రపరచడం గురించి నాకు తెలిసిన గట్టి సంగతి ఒక్కటే. యూజ్‌నెట్‌లో ఒకరు రాసిన ఉత్తరం ఒక్క యంత్రంలో ఉండేది కాదు. ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు నకలుగా వెళ్తూ, ఎన్నో విశ్వవిద్యాలయాలకు చేరేది. అందువల్లనే డెజాన్యూస్ అనే సంస్థ ఆ ఉత్తరాలను పోగు చేయగలిగింది, 2001లో గూగుల్ ఆ నిధిని కొని, అంతకుముందటి ఉత్తరాలను కూడా ఇతరుల దగ్గర సేకరించి కలపగలిగింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ గ్రూప్స్ ద్వారా యూజ్‌నెట్‌కు కొత్త ఉత్తరాలు పంపడం ఆగిపోయినా, పాతవి వెతికి చదువుకునే వీలు మిగిలింది. దీనికి భిన్నంగా, ఈమెయిలు ద్వారా చర్చలు జరిగిన యాహూ గ్రూపులలో ఉత్తరాలన్నీ ఒకే సంస్థ చేతిలో ఉండేవి. 2019 అక్టోబరులో మూసివేత ప్రకటన వచ్చింది, కొద్ది నెలల గడువు తరువాత వెబ్‌లో ఉన్న పాత ఉత్తరాలను తీసివేశారు, 2020 డిసెంబరు 15న సేవ పూర్తిగా ఆగిపోయింది. సకాలంలో దించుకున్నవారి దగ్గర ఉన్నవే మిగిలాయి. ఉచితంగా వెబ్ పుటలు పెట్టుకునే చోటు ఇచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడినప్పుడు ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం రాత్రింబవళ్లు కూర్చుని వీలైనన్ని పుటలను దించిపెట్టింది కనుక కొంతైనా నేడు చూడగలుగుతున్నాం.

నా సొంత అనుభవం కూడా చెప్పాలి. మిత్రులం కలిసి ఆరేళ్లపాటు నడిపిన ఒక చిన్న చర్చావేదిక ఉండేది. పోతన పద్యాలలోని శబ్దాలంకారాల మీద అక్కడ జరిగినంత చర్చ నేను మరెక్కడా చూడలేదు. ఉచితంగా చోటు ఇచ్చినవారు ఒకరోజు దానిని తీసివేశారు. మా అందరి దగ్గరా వెతికితే దొరికినది, ఒక మిత్రుడు తన తల్లిగారికి చదివి వినిపించడానికి కాగితం మీద అచ్చు తీసుకున్న పదకొండు పుటలు మాత్రమే. అందుకే వికీ కార్యకర్త గారు చెప్పిన మూడు ప్రతుల మాటను దయచేసి తేలికగా తీసుకోవద్దు.

పరదా వెనుక కవయిత్రి

పై ఇద్దరి శ్రద్ధనూ గౌరవిస్తూనే, వేరొక మాట చెప్పడానికి వచ్చాను. మీ పెదనాన్నగారి బ్లాగు ఏదో నాకు తెలుసనే అనుకుంటున్నాను, ఎందుకంటే నేను అక్కడ మూడేళ్లు రాశాను. మగవారి పేరులా వినిపించే ఒక మారుపేరుతో రాశాను. ఆ పేరు ఇక్కడ చెప్పను.

ఆ పేరు పెట్టుకోవడానికి కారణం ఉంది. 2008, 2009 ప్రాంతాలలో ఆడపేరుతో బ్లాగు రాస్తే, పద్యం గురించి రెండు వ్యాఖ్యలు వచ్చేచోట మనిషి గురించి పది వచ్చేవి. అందులో సగం ‘అజ్ఞాత’ అనే పేరుతోనే వచ్చేవి. నా మొదటి బ్లాగును నేను మూసుకున్నది అందుకే. తరువాత మీ పెదనాన్నగారి దగ్గరకు మారుపేరుతో వెళ్లాను. నా మొదటి కందంలో ఆరవ గణం దగ్గర నలమూ (నాలుగు లఘువులు) కాని జగణమూ కాని గణం వేశాను, ప్రాసలో (పాదాల రెండవ అక్షరంలో) బండి ఱకు మామూలు రను కలిపాను, పైగా కందంలో చెల్లని ప్రాసయతి (యతికి బదులు ప్రాస కుదర్చడం) కూడా వాడాను. వారు ఒక్క మాట కూడా చిన్నబుచ్చేలా అనకుండా, ‘ప్రాసయతి ఆటవెలదికీ తేటగీతికీ దాచుకోండి, కందానికి అది కుదరదు’ అని మాత్రం రాశారు. ఆ వాక్యం నాకు ఈనాటికీ కంఠస్థం. ఆ తప్పుల పద్యాన్ని మీరు ప్రచురించినా నాకు సంతోషమే, నేర్చుకునేవారికి పనికొస్తుంది.

కానీ అదే బ్లాగులో, 2011 ప్రాంతంలో అనుకుంటాను, ఇద్దరు సభ్యుల మధ్య ఒక గొడవ జరిగింది. ఒకరి కులాన్ని మరొకరు ఎత్తిపొడిచారు. పెదనాన్నగారు మరునాడు ఆ వ్యాఖ్యలను తొలగించారు. అయినా దానికి జవాబుగా ఇతరులు రాసినవి మిగిలాయి. మరొక సభ్యురాలు ఒక పూరణ కింద తన భర్త అనారోగ్యం గురించి రాసుకున్నారు. అప్పుడు అక్కడ చదివేవాళ్లం ఇరవై ముప్ఫై మందిమి, అందరం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. ఆ మాటలు అందరికీ కనిపించే చోట ఉన్నాయన్నది నిజమే, కానీ అవి ఆ ఇరవై ముప్ఫై మందిని ఉద్దేశించి చెప్పినవి. పేరు వెతికితే పదిహేనేళ్ల తరువాత ఎవరికైనా మొదట అదే కనిపించేలా వాటిని మరొక చోట కొత్తగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు.

వాట్సాప్ గుంపులో జరుగుతున్నది బయటికి కనిపించకపోవడాన్ని నష్టంగానే చూస్తున్నారు. నా వంటివారు తమ సొంత పేరుతో మొదటిసారి పద్యం రాయగలిగింది అక్కడే. గుంపులో ఎవరెవరు ఉన్నారో తెలుసు, హద్దు మీరినవారిని నిర్వాహకులు ఆ క్షణమే పంపించగలరు. ఆ నీడను తీసివేసి భద్రపరచడం మొదలుపెడితే రాసేవారే మానేస్తారు. కనుక మొత్తం ప్రతిని మీ కుటుంబం దగ్గర, నమ్మకమైన ఇద్దరి దగ్గర దాచండి. బయట పెట్టేటప్పుడు మాత్రం పద్యమూ, దాని మీద జరిగిన సవరణా ఉంచి, సొంత సంగతులు తీసివేయండి. వీలైనంతమందికి ఉత్తరం రాసి అడగండి. జవాబు రానివారి పద్యాలను ప్రచురించకండి.

సిద్దిపేట పద్యప్రియుడు

నేను అలాంటి ఒక వాట్సాప్ గుంపు నిర్వాహకులలో ఒకడిని. కంది శంకరయ్య గారి శంకరాభరణం బ్లాగు వంటి చోట్ల పద్యం నేర్చుకున్నవారు మా దగ్గర చాలామంది ఉన్నారు. ప్రతి రాత్రి మాలో ఒకరు ఆనాటి సమస్యను, సవరించిన పూరణలను ఒక పత్రంలోకి ఎక్కిస్తారు. నెలకొకసారి దానిని పీడీఎఫ్‌గా సభ్యులకు పంపుతాం. అయితే ఆ పత్రంలో సవరణకు ముందున్న రూపం గానీ, ఎందుకు సవరించామన్న మాట గానీ ఉండదు. మీ ప్రశ్న చదివాక మా పని సగమే జరుగుతోందని అర్థమైంది. ఆలస్యంగా చేరినవారికి మా పాత చర్చ ఏదీ అందుబాటులో లేదు. ఒకే యతి సందేహానికి గత ఏడాది నేనే నాలుగుసార్లు జవాబు రాశాను.

పరదా వెనుక కవయిత్రి గారి మాటలో న్యాయం ఉంది. అందువల్ల మా గుంపులో ఒక ఏర్పాటు ప్రతిపాదించబోతున్నాను: సవరణ చర్చను కూడా పత్రంలో చేర్చాలా వద్దా అన్నది పద్యం రాసినవారే ఆ రోజే చెప్పాలి, చెప్పకపోతే చేర్చకూడదు. పాత సంభాషణలను దించడం గురించి మాత్రం నేను ఏమీ అనలేను, ఎందుకంటే అప్పుడు రాసినవారికి ఈ సంగతి తెలియదు.

తెనాలి ఆడపడుచు

అందరికీ కృతజ్ఞతలు. నా ఖాతాకు నిర్వాహక హక్కులు ఇచ్చుకున్నాను, ఫైలు దించుకున్నాను. ఒక ప్రతి మా అన్నయ్యకు విశాఖపట్నం పంపాను, మరొకటి హైదరాబాదులో మా చెల్లెలి దగ్గర ఉంది. పుస్తకం ఆలోచనను ప్రస్తుతానికి ఆపాం. చిరునామాలు దొరికిన ముప్ఫై ఒక్క మందికి ఉత్తరాలు రాస్తున్నాను. కవయిత్రి గారూ, మీరు చెప్పిన గొడవ కింద మిగిలిన జవాబులను చూశాను. అవి బయటికి రావు. మీ కందం దొరికింది. మీరు ఒప్పుకున్నారు కనుక దానిని సవరణతో సహా ఉంచుతాను, పేరు లేకుండా.

నిర్వాహకుల పుటలో, అనుమతి కోసం వేచి ఉన్న వ్యాఖ్య ఒకటి కనిపించింది. పెదనాన్నగారు చివరగా ఇచ్చిన సమస్య ‘రాత్రివేళ వెలిగె రవి యొకండు’. ఆ తరువాత వారు ఆసుపత్రిలో చేరారు. మూడు రోజులకు ఎవరో ‘అజ్ఞాత’గా ఈ పూరణ పంపారు:

పలక చేత బట్టి పాఠశాలకు వచ్చి
పగటి పనుల నలసి పట్టు విడక
దీప మొకటి నిలిపి దిద్దుకొనుచు నుండి
రాత్రివేళ వెలిగె రవి యొకండు

కింద ఇలా ఉంది: ‘రవి మా అబ్బాయి పేరు, రాత్రిబడికి వెళ్తున్నాడు. ఇది నా మొదటి ఆటవెలది. యతి సరిపోయిందా పంతులుగారూ?’ ప్రచురణ కోసమే పంపినది కనుక ఇక్కడ పెట్టడం తప్పు కాదనుకుంటున్నాను. నాకు ఛందస్సు అంతగా రాదు. ఎవరైనా చూసి చెప్పగలరా? వారు ఎప్పుడైనా తిరిగి వచ్చి చూసుకుంటారేమో, జవాబును బ్లాగులోనే ఆ వ్యాఖ్య కింద ఉంచుతాను.

పరదా వెనుక కవయిత్రి

ఇలా రాయండి: యతి నాలుగు పాదాలలోనూ సరిపోయింది. మొదటి పాదంలో ప, పా. రెండవ పాదంలో ప, ప. మూడవ పాదంలో దీ, ది. సమస్యాపాదంలో రా, ర. గణాలు కూడా ఎక్కడా తప్పలేదు. రవిని సూర్యుడిగా కాక పిల్లవాడి పేరుగా తీసుకుని సమస్యను విడదీసిన తీరు చక్కగా ఉంది. ఒక చిన్న సూచన. ‘పాఠశాలకు వచ్చి’ అన్నచోట ‘పాఠశాలను జేరి’ అంటే గణం చెడదు, పలక పట్టుకుని నడిచి వెళ్లిన దూరం కూడా వినిపిస్తుంది. నచ్చితే మార్చుకోండి, లేకుంటే మీరు రాసినదే ఉంచండి.